‘రంది ఉందా?’ అని అడిగాక

"ఆందోళన అంటే ఏంది మేడం?"

జడ్చర్ల దగ్గర హైవే పక్కన చాయ్ హోటల్ బెంచీ మీద ఒక అబ్బాయి నన్ను ఈ మాట అడిగి ఏడాదిన్నర అవుతోంది. ఇరవై మూడేళ్ళుంటాయి. రాత్రి షిఫ్టు దిగి వచ్చాడు. నా చేతిలో అట్టకు క్లిప్పు పెట్టిన ఎనిమిది పేజీల ప్రశ్నాపత్రం. అందులో "గత రెండు వారాల్లో మీకు ఆందోళన కలిగిందా?" అని ఉంటే అలాగే చదివాను. అతను చాయ్ గ్లాసు పక్కన పెట్టి అనుమానంగా చూశాడు. ఆందోళన అంటే అతనికి ధర్నా, రాస్తారోకో. తెలంగాణ ఉద్యమం చూస్తూ పెరిగిన పిల్లవాడికి ఆ మాటలో ఇంకో అర్థం ఎందుకు తోస్తుంది? "నేను ఏ యూనియన్ల లేను మేడం, నా పేరు రాయకుండ్రి" అని లేచి నిలబడ్డాడు.

నేను కంగారుపడిపోయాను. "అది కాదు తమ్మీ. రంది. మనసుల ఏమన్న రంది ఉంటదా అని."

మళ్ళీ కూర్చున్నాడు. "రంది లేందెప్పుడక్కా" అన్నాడు. తర్వాత నలభై నిమిషాలు మాట్లాడాడు. చాయ్ చల్లారిపోయింది. నా ప్రశ్నాపత్రం మూడో పేజీ దాటలేదు.

రంది అనే మాట తెలియనివాళ్ళకు చెప్పాలి. దిగులు, బెంగ, చింత, వీటన్నిటికీ దగ్గరగా ఉంటుంది గానీ ఏదీ సరిగ్గా అది కాదు. లోపల తొలుస్తూ ఉండేది, పని చేస్తున్నా వదలనిది, పక్కవాళ్ళకు కనపడనిది. కొడుకు దూరదేశం పోతే తల్లికి ఉండేది రంది. మా నానమ్మ ఈ మాట రోజుకు పదిసార్లు అనేది. అయినా నా ప్రశ్నాపత్రం రాసుకునేటప్పుడు నాకు అది గుర్తు రాలేదు. నిఘంటువులోంచి తెచ్చిన ఆందోళన, అభద్రత, వ్యాకులత అని రాసుకున్నాను. ఆ రాత్రే మహబూబ్‌నగర్‌లో నేనుంటున్న గదిలో కూర్చుని ఆ మాటలన్నీ కొట్టేశాను.

నేను చేస్తున్న పని ఏమిటో చెప్తాను. పాత మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల్లో, రేపు ఉంటుందో లేదో తెలియని పనులు చేసే యువతీయువకుల బతుకు, ఆరోగ్యం ఎలా ఉన్నాయన్నది నా పీహెచ్‌డీ విషయం. 18 నుంచి 29 ఏళ్ళ మధ్యవాళ్ళు. ఫ్యాక్టరీల్లో ఏజెన్సీ కింద పనిచేసేవాళ్ళు, ఆఫీసుల్లో ఔట్‌సోర్సింగ్ వాళ్ళు, యాప్ మీద పార్సిళ్ళు మోసేవాళ్ళు, పీరియడ్ లెక్కన పాఠాలు చెప్పేవాళ్ళు. ఇలాంటి పనిని పుస్తకాల్లో ‘అస్థిర ఉపాధి’ అంటారు. చేసేవాళ్ళెవరూ ఆ మాట అనరు. "గ్యారంటీ లేదక్కా" అంటారు. లేదా "గాలిలో దీపం" అంటారు. ఇరవై ఏళ్ళ పిల్లలు కూడా ఈ సామెత వాడుతుంటే మొదట్లో ఆశ్చర్యంగా ఉండేది.

ఈ విషయం నేను ఎంచుకోవడానికి నా కారణం నాకుంది. పీహెచ్‌డీలో చేరకముందు మూడేళ్ళు ఒక కాలేజీలో గెస్ట్ లెక్చరర్‌గా చేశాను. చెప్పిన పీరియడ్‌కే డబ్బులు. దసరా సెలవులకు లేవు, సంక్రాంతికి లేవు, పరీక్షలప్పుడు లేవు, ఎండాకాలం అసలే లేవు. జూన్‌లో మళ్ళీ పిలుస్తారా లేదా అన్నది ఏప్రిల్‌లో ఎవరిని అడిగినా చెప్పరు. మూడేళ్ళలో మూడు మే నెలలు. మూడుసార్లూ ఆ నెలలో నాకు నెలసరి తప్పింది. తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చేది. జూన్ రెండో వారంలో ఫోన్ రాగానే వారం రోజుల్లో అంతా సర్దుకునేది. డాక్టరమ్మ రక్తపరీక్షలు చేయించి ఏమీ లేదంది. ఆమె తప్పు కాదు. పని గురించి ఆమె అడగలేదు, నాకూ చెప్పాలని తోచలేదు.

ఎవరికైనా ప్రశ్నాపత్రం ఇచ్చే ముందు మనకు మనం వేసుకుని చూసుకోవాలని మా గైడ్ చెప్పారు. కుంగుబాటును కొలవడానికి ప్రపంచమంతా వాడే పీహెచ్‌క్యూ-9 అనే పత్రం ఒకటుంది. తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి సున్నా నుంచి మూడు మార్కులు, మొత్తం 27. పది, ఆపైన వస్తే డాక్టర్ చూడాల్సిన స్థాయి అని లెక్క. నేను ఆ మే నెలల్లో ఒకదాన్ని గుర్తు చేసుకుని నింపాను. 12 వచ్చింది. ఆ కాగితం నా దగ్గర ఇప్పటికీ ఉంది, డేటాలో కలపలేదు.

ఇదే పత్రంలో ఒక చిక్కు ఉంది. ప్రతి ప్రశ్నా "గత రెండు వారాల్లో" అని మొదలవుతుంది. జడ్చర్లలో రెండో రోజే ఒకతను అడిగాడు, "ఏ వారం చెప్పాలె? నైట్ వారమా, డే వారమా?" వాళ్ళకు వారం వారం షిఫ్టు మారుతుంది. రాత్రి వారం నిద్ర పట్టదు, పగటి వారం పడుతుంది. ఆకలి కూడా అంతే. రెండు వారాలు కలిపి సగటు చెబితే అది ఎవరి బతుకూ కాదు. అప్పటి నుంచి ప్రతి ఇంటర్వ్యూ కాగితం మీద మూలన షిఫ్టు రాసుకుంటున్నాను. ఇంకో సంగతి కూడా తెలిసింది. నెలాఖరుకు గేటు దగ్గర వచ్చే నెల లిస్టు పెడతారు. పేరుంటే పని, లేకపోతే లేదు. 25 తర్వాత మాట్లాడినవాళ్ళకు, ఐదో తారీఖు లోపు మాట్లాడినవాళ్ళకు మధ్య తేడా నాకు చెవులకే వినిపిస్తోంది. అందుకే ఇప్పుడు తారీఖు కూడా రాస్తున్నాను.

వాళ్ళ గది చూశాను. ఆరుగురికి రెండు పరుపులు. పగలు షిఫ్టు వాళ్ళు లేవగానే రాత్రి షిఫ్టు వాళ్ళు అదే పరుపు మీద పడుకుంటారు. కిటికీకి యూరియా బస్తా కట్టి చీకటి చేసుకున్నారు. రేకుల పైకప్పు. మేలో మధ్యాహ్నం ఆ గదిలో నేను పది నిమిషాలు కూర్చోలేకపోయాను, వాళ్ళు నిద్రపోవాలి. పన్నెండు గంటల డ్యూటీ, వారానికి ఆరు రోజులు, అంటే 72 గంటలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ఒక అంచనా ఇచ్చాయి. వారానికి 55 గంటలు, అంతకు మించి పనిచేసినందువల్ల 2016 ఒక్క ఏడాదిలో ప్రపంచంలో 7,45,000 మంది పక్షవాతంతో, గుండెజబ్బుతో చనిపోయారని. ఆ అంకె తీసుకొచ్చి ఈ పిల్లల మీద పెట్టడం సరికాదు. ఆ చావుల్లో ఎక్కువ భాగం 45 దాటిన వయసులో అన్ని గంటలు పనిచేసి, 60 నుంచి 79 ఏళ్ళ మధ్యలో పోయినవాళ్ళవి. వీళ్ళకు ఇంకా ఇరవై మూడు. గుండె ఇప్పుడు బాగానే ఉంటుంది. నన్ను భయపెట్టేది కూడా అదే. బీపీ మిషన్ పెట్టి చూస్తే మామూలుగా ఉంటుంది, అంతా బాగుందని రాసుకుని వచ్చేస్తాం.

ఇలాంటి పనిని కొలవడానికి స్పెయిన్ పరిశోధకులు తయారుచేసిన స్కేలు ఒకటి ఉంది. ఈప్రెస్ అంటారు. పని ఎంత కాలానికి, జీతం ఎంత, షరతుల మీద మన మాట చెల్లుతుందా, యజమాని ముందు ఎంత భయం, ఏ హక్కులున్నాయి, ఉన్న హక్కులను వాడుకోగలమా అని ఆరు కోణాల్లో చూస్తుంది. హక్కు ఉండటం, వాడుకోగలగటం రెండూ వేర్వేరుగా అడగాలన్నది అందులో నాకు బాగా నచ్చిన ఆలోచన. దాని విలువ నాకు పూర్తిగా తెలిసింది మాత్రం మహబూబ్‌నగర్‌లో ఒక డేటా ఎంట్రీ ఆపరేటర్‌తో మాట్లాడినప్పుడు.

ఆమెకు 26. ఔట్‌సోర్సింగ్. జీతం రెండు, మూడు నెలలకోసారి ఒకేసారి పడుతుంది. మొదటి కాన్పు. ఏడో నెల దాకా ఆఫీసులో చెప్పలేదు. లూజు చుడీదార్ వేసుకుని, చున్నీ వెడల్పుగా కప్పుకుని, కుర్చీలోంచి వీలైనంత తక్కువగా లేచేది. నీళ్ళు తక్కువ తాగేదట, బాత్రూంకు ఎక్కువసార్లు వెళ్తే అనుమానం వస్తుందని. మొదటి నెలల్లో చేయించుకోవాల్సిన చెకప్‌లు తప్పిపోయాయి. పనిరోజు పొద్దున లైన్లో నిలబడితే సెలవు పెట్టాలి, సెలవు పెడితే కారణం చెప్పాలి. ఏడో నెలలో రక్తం తక్కువుందని డాక్టర్లు కోప్పడ్డారు. "నన్నే తిట్టిండ్రు అక్కా, చదువుకున్నదానివి కాదా అని."

2017 సవరణ తర్వాత చట్టం ప్రకారం మొదటి రెండు కాన్పులకు 26 వారాలు జీతంతో సెలవు. అంతకు ముందు ఏడాదిలో 80 రోజులు పనిచేసి ఉంటే చాలు. ఆమెకు ఇది నాకంటే బాగా తెలుసు. ఆ సర్క్యులర్ టైప్ చేసింది ఆమే. "చట్టం ఉందక్కా. అడిగితే నౌకరి ఉండదు. రెన్యువల్ మార్చిల ఉండె." కాన్పు తేదీ లెక్కేసుకుంటే జూన్. ఆమె చేసిందల్లా మార్చి దాటే వరకు కడుపు దాచుకోవడం. నేను ఆ రోజు ఇంటర్వ్యూ మధ్యలో ఆపి బయటికి వచ్చి కాసేపు నిలబడ్డాను. పరిశోధకురాలు అలా చేయకూడదంటారు. బాబు బాగున్నాడు, బరువు కొంచెం తక్కువతో పుట్టాడు. ఈ ఒక్క కేసుతో ఏదీ రుజువు కాదని నాకు తెలుసు. కానీ రక్తహీనత అని కేసు షీటులో ఒక్క పదం రాసినచోట, దాని వెనక ఒక రెన్యువల్ తేదీ ఉందని నాకు తెలిసింది.

నల్గొండకు వస్తే పరిస్థితి ఇంకో రకం. క్లాక్ టవర్ సెంటర్లో సాయంత్రం ఆరు దాటాక డెలివరీ పిల్లలు బండ్ల మీద కూర్చుని ఆర్డర్ కోసం చూస్తుంటారు. ఇలా యాప్‌ల మీద, రోజువారీ ఒప్పందాల మీద బతికేవాళ్ళు దేశంలో 2020-21 నాటికి 77 లక్షల మంది ఉన్నారని, 2029-30కి 2.35 కోట్లు అవుతారని నీతి ఆయోగ్ 2022లో అంచనా వేసింది. హైదరాబాద్ సంగతి అందరికీ తెలుసు. చిన్న ఊళ్ళలో ఇంకొంచెం కష్టం, ఆర్డర్లు తక్కువ, దూరాలు ఎక్కువ, ఎదురుచూపు ఎక్కువ.

ఆస్ట్రియాలో మారియెంతాల్ అనే ఊళ్ళో బట్టల మిల్లు మూతపడితే, 1930ల మొదట్లో సామాజిక మనస్తత్వవేత్త మారీ యహోదా, ఆమె తోటివాళ్ళు అక్కడికి వెళ్ళి పనిలేనితనం మనిషిని ఏం చేస్తుందో చూశారు. ప్రశ్నలడగడమే కాదు, వీధిలో మనుషులు నడిచే వేగం కూడా గడియారం పెట్టి కొలిచారు. పని పోయిన మగవాళ్ళ నడక నెమ్మదించింది, దారిలో మాటిమాటికీ ఆగేవాళ్ళు. అది చదివినప్పటి నుంచి నాకూ కళ్ళతో కొలిచేది ఒకటి కావాలనిపించింది. క్లాక్ టవర్ దగ్గర ఒక సాయంత్రం, నాతో మాట్లాడుతున్న అబ్బాయి అనుమతి తీసుకుని, అతను ఎన్నిసార్లు ఫోన్ చూస్తాడో గీతలు పెట్టాను. కాసేపటికి ఆపేశాను. అతను ఫోన్ చూడటం ఆపిన క్షణాలు లెక్కపెట్టడమే తేలిక. మాట్లాడుతున్నా, బజ్జీ తింటున్నా, నవ్వుతున్నా ఒక కన్ను అక్కడే. ఆర్డర్ వదిలితే రేటింగ్ తగ్గుతుంది, రేటింగ్ తగ్గితే ఐడీ బ్లాక్. ఎవరు బ్లాక్ చేశారో అడగడానికి నల్గొండలో ఒక గది లేదు, ఒక మనిషి లేడు.

ఇలా యాప్‌ల మీద పనిచేసే గిగ్ కార్మికులకు ఐదు లక్షల ప్రమాద బీమా ఇస్తామని రాష్ట్ర ప్రభుత్వం 2023 డిసెంబర్‌లో ప్రకటించిన సంగతి అతనికి తెలుసు. మంచిదే అన్నాడు. "సస్తే ఐదు లక్షలక్కా. జ్వరమొస్తే ఏంది?" ఎగతాళిగా అనలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. జ్వరం వచ్చిన నాలుగు రోజుల కూలీ ఎవరిస్తారన్న ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు.

ఏడెనిమిది నెలలు ఇలా గేట్ల దగ్గర, చాయ్ హోటళ్ళ దగ్గర, సెంటర్లలో తిరిగాక నాకు ఒక తప్పు అర్థమైంది. గేటు దగ్గర నిలబడితే పనికి రాగలిగినవాళ్ళే కనిపిస్తారు. జబ్బుపడినవాడు లిస్టులో ఉండడు, ఊరికి పోయి ఉంటాడు. అందుకే గేటు దగ్గర కొలిస్తే కార్మికులు ఊళ్ళో మిగతావాళ్ళకంటే ఆరోగ్యంగా ఉన్నట్టు లెక్క తేలుతుంది. ఈ రంగంలో ఇది పాత పాఠం, నేనూ పరీక్షలో రాశాను. అయినా కాళ్ళతో తెలుసుకోవాల్సి వచ్చింది. దాంతో ఊళ్ళకు వెళ్ళడం మొదలుపెట్టాను. "ఫ్యాక్టరీకి పోయి వాపస్ వచ్చిన పిల్లలెవరన్న ఉన్నరా?" అని ఆశా కార్యకర్తలను అడిగేదాన్ని. ప్రతి ఊళ్ళో ఉన్నారు.

మిడ్జిల్ అవతల ఒక ఊళ్ళో 24 ఏళ్ళ అబ్బాయి. పచ్చకామెర్లు వచ్చి మూడు వారాలు మంచం పట్టాడు. మొదట పసరు, తర్వాత ఆర్‌ఎంపీ దగ్గర సెలైన్లు, చివరికి పట్నంలో ప్రైవేటు ఆసుపత్రి. అప్పు చేశారు. కోలుకుని వెళ్ళేసరికి అతని మిషన్ మీద ఇంకొకరున్నారు. ఇంట్లో పెట్టెలోంచి కాగితాలు తీసి చూపించాడు. అందులో ఈఎస్‌ఐ కార్డు, అంటే కార్మికుల ప్రభుత్వ బీమా కార్డు, ఉంది. ఒకటి కాదు, రెండు.

నెలకు 21,000 రూపాయల లోపు జీతం ఉన్నవాళ్ళకు ఈఎస్‌ఐ వర్తిస్తుంది. నూరు రూపాయలకు ముప్పావలా కార్మికుడి జీతంలోంచి, మూడు రూపాయల పావలా యజమాని దగ్గర్నుంచి వెళ్తుంది. వైద్యం ఉచితం. జబ్బుచేసి పనికి పోలేకపోతే కూలీలో 70 శాతం, ఏడాదిలో 91 రోజుల దాకా ఇస్తారు. ఈ రెండో సంగతి ఆ అబ్బాయికి ఎవరూ చెప్పలేదు. జీతం స్లిప్పులో కోత మాత్రం తెలుసు. అతను పనిచేసింది ఒకే షెడ్డులో, ఒకే మిషన్ మీద. కానీ ఏడాదికి రెండుసార్లు ఒక ఏజెన్సీ పుస్తకంలోంచి పేరు తీసి ఇంకో ఏజెన్సీ పుస్తకంలో వేసేవాళ్ళు. ఆ రెండూ వేర్వేరు నంబర్లతో చందా కట్టాయి.

మంచం పక్కన నేల మీద కూర్చుని ఇద్దరం లెక్కేశాం. జబ్బు భత్యం రావాలంటే ఆరు నెలల చందా కాలంలో కనీసం 78 రోజులు కట్టి ఉండాలి. అతనికి సంబంధించిన కాలం ఏప్రిల్ నుంచి సెప్టెంబర్. ఏప్రిల్, మే పని ఇవ్వలేదు. తర్వాత ఒక నంబరు మీద 61 రోజులు. మధ్యలో వారం బ్రేక్. ఇంకో నంబరు మీద 24. కలిపితే 85. విడివిడిగా చూస్తే ఏదీ చాలదు. అతను ఫోన్‌లో క్యాలిక్యులేటర్ పెట్టి మూడుసార్లు కూడాడు. మూడోసారి కూడా 85 వచ్చాక ఫోన్ కింద పెట్టి, "నేనైతే ఒక్కణ్ణే కదక్కా" అన్నాడు.

వాళ్ళ నాయన గడపలో కూర్చుని వింటున్నాడు. ఆయన పాలమూరు లేబర్. ఇరవై ఏళ్ళు గుంపు మేస్త్రీ కింద దేశమంతా తిరిగాడు, కాలువలు తవ్వాడు, రోడ్లు వేశాడు. ఉగాదికి అడ్వాన్సు తీసుకుంటే మళ్ళీ ఉగాది దాకా మేస్త్రీ మనిషే. ఆ రోజులు మంచివని ఆయన అనలేదు, నేనూ అనను. అప్పు తీరేది కాదు, భార్య మొదటి కాన్పు డేరాలోనే అయింది. ఒక్క మాట మాత్రం అన్నాడు. "మాకు పైసలియ్యకపోతే మేస్త్రీ ఇంటి ముందట కూసుంటుంటిమి బిడ్డా. వీడు ఎవలింటి ముందట కూసోవాలె?"

కొడుకు మాట్లాడలేదు. అతనికి రెండు సంబంధాలు తప్పిపోయాయి. పర్మనెంటేనా అని అడుగుతారు, కాదంటే చాయ్ తాగి వెళ్ళిపోతారు. ఇప్పుడు కామెర్లు తగ్గాయి గానీ నిద్ర లేదు. నా పత్రంలో తొమ్మిదో ప్రశ్న, బతికి లాభమేమిటని అనిపిస్తుందా అనేది, దానికి అతను ‘కొన్ని రోజులు’ అన్నాడు. ఆ జవాబు వస్తే ఇంటర్వ్యూ ఆపాలన్నది మా ఎథిక్స్ కమిటీకి నేనిచ్చిన మాట. ఆపాను. కాగితాలు సంచిలో పెట్టేసి మామూలుగా కూర్చున్నాను. ఎప్పటి నుంచి, ఎవరికన్నా చెప్పావా అని అడిగాను. మనసు బాగాలేనివాళ్ళు మాట్లాడుకోవడానికి ప్రభుత్వం పెట్టిన టెలీ మానస్ నంబరు 14416 అతని ఫోన్‌లో వేసి, అక్కడే నా ముందే చేయించాను. తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులుండవు, ఏ టైంలోనైనా ఎత్తుతారు. మర్నాడు వాళ్ళ నాయన, నేను కలిసి జిల్లా ఆసుపత్రిలో మానసిక డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాం. ఇప్పుడు మందులు వాడుతున్నాడు, నిద్రపోతున్నాడు. ఇదంతా రాయడానికి అతని అనుమతి అడిగాను. "రాయక్కా, నా అసుంటోడు ఇంకొకడు చూస్తడు" అన్నాడు.

కొందరు స్నేహితులు అడుగుతుంటారు, ఇంత కళ్ళారా చూశాక ఇంకా ఈ స్కేళ్ళు, మార్కులు ఎందుకు అని. దానికి మా ఊరే జవాబు.

మాది మర్రిగూడ మండలం. ఫ్లోరైడ్ ఊళ్ళ మధ్య ఊరు. మా నానమ్మ నడుము నలభై ఏళ్ళకే వంగిపోయింది. చిన్నప్పుడు మా ఇంటికి సీసాలు పట్టుకుని మనుషులు వచ్చేవాళ్ళు, బోరింగు నీళ్ళు పట్టుకుపోయేవాళ్ళు, మా పళ్ళు చూసేవాళ్ళు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు 1970లలోనే ఈ ప్రాంతంలో పిల్లల కాళ్ళు వంకర పోవడాన్ని రికార్డు చేశారు. పటిక, సున్నం కలిపి నీళ్ళలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతిని నాగ్‌పూర్ నీరీ సంస్థ తయారుచేస్తే, దానికి నల్గొండ టెక్నిక్ అనే పేరే పెట్టారు. అంతకు ముందు తరాల్లో ఊరివాళ్ళు దీన్ని కర్మ అనుకున్నారు, సోమరితనం అని కూడా అన్నారట, వంగలేనివాళ్ళను చూసి. లీటరు నీళ్ళలో ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదని ఒక అంకె ఉంది కాబట్టి, మా బోరింగులో అంతకు ఎన్ని రెట్లుందో ఒక కాగితం మీద రాసిచ్చారు కాబట్టి, అడగడానికి ఒక ఆధారం దొరికింది. అయినా కృష్ణా నీళ్ళు మా ఇంటికొచ్చేసరికి నానమ్మ లేదు.

ఈ పిల్లలను ఇప్పుడు అదే మాట అంటున్నారు. ఒక్క చోట నిలబడరు, ఓపిక లేదు, ఫోన్‌లకు అలవాటుపడి నిద్రపోరు అని. రచ్చబండ దగ్గర అంటున్నారు, సెమినార్లలో కూడా అంటున్నారు. వాళ్ళు తాగుతున్న నీళ్ళలో ఏముందో కొలిచి చూపిస్తే తప్ప ఆ మాట ఆగదు. నా కొలత పూర్తిగా కుదరలేదు. పేదరికం ఎంత, అనిశ్చితి ఎంత అన్నది విడదీయడం కష్టం. పని వల్ల జబ్బుపడ్డారా, ముందే నలతగా ఉన్నవాళ్ళకు ఇలాంటి పనే దొరికిందా అన్నది ఒక్కసారి మాట్లాడితే తేలదు. అందుకే అవే మనుషులను ఆరు నెలలకోసారి మళ్ళీ కలుస్తున్నాను. లిస్టులో పేరున్న నెల ఎలా ఉన్నారు, లేని నెల ఎలా ఉన్నారు అని. ఒకే మనిషిని అతనితోనే పోల్చితే కొంతైనా తెలుస్తుంది. ఇబ్బంది ఏమిటంటే ఫోన్ నంబర్లు మారిపోతుంటాయి. అమ్మ నంబరు తీసుకుంటే మారదని నేర్చుకున్నాను.

నా ఫెలోషిప్ వచ్చే మార్చి దాకే ఉంది. ఆ తర్వాత ఏమిటో తెలియదు. ఈ మధ్య మళ్ళీ మూడింటికి మెలకువ వస్తోంది, ఈసారి మాత్రం డాక్టరమ్మకు పని గురించి కూడా చెప్పాను.

మంగళవారం మళ్ళీ ఆ అబ్బాయిని తీసుకుని ఈఎస్‌ఐ బ్రాంచి ఆఫీసుకు వెళ్ళాలి. రెండు నంబర్లనూ కలపమని పోయినసారి అర్జీ ఇచ్చాం. కౌంటర్ దగ్గర ఉన్నాయన పాపం ఓపిగ్గా విన్నాడు. ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, రెండు ఏజెన్సీల జీతం స్లిప్పులు జిరాక్స్ తెమ్మన్నాడు. ఒక ఏజెన్సీ స్లిప్పులు ఉన్నాయి. రెండోది ఆఫీసు ఎత్తేసింది. అతని ఫోన్‌లో జీతం పడ్డ మెసేజ్‌లు మాత్రం ఉన్నాయి, ఏజెన్సీ పేరుతో సహా. నిన్న రాత్రి వాటిని ఒక్కోటి స్క్రీన్‌షాట్ తీసి పంపించాడు. పదకొండు వచ్చాయి. పొద్దున ప్రింట్ తీయించాను.